మూడో సీటు

ముహర్రక్ పాతబజారులో
హల్వా దుకాణానికీ, వాచీలు బాగుచేసే మలబారు ఆయనకీ మధ్య
మా కళ్ళద్దాల కొట్టు.
నా పేరు సులోచన.
అవును, అద్దాలు సానపట్టేది సులోచనే.
తెలుగొచ్చిన ప్రతివాడూ ఒకసారి నవ్వి వెళ్తాడు.

ఆగస్టు. గాలిని పిండితే నీళ్ళొచ్చే సాయంత్రం.
హాజీ మర్హూన్ వచ్చాడు,
వీఆర్ హెడ్‌సెట్‌ను టిఫిన్ క్యారేజీలా పట్టుకుని.
వెనకే మనవడు ఫాదిల్, లాప్‌టాప్ మోస్తూ.
"ఇందులో నా విమానం ఉంది బేటీ.
మీటర్లే కనపడవు."

ఆయన పైలట్ కాదు.
ఇద్దరు పైలట్ల వెనక, పక్కగోడకు తిరిగి కూర్చునే
మూడో మనిషి. ఫ్లైట్ ఇంజనీరు.
నాలుగు ఇంజన్ల నాడి చూసిన చెయ్యి.
ఇప్పటి విమానాల్లో ఆ సీటే లేదట.
ఉద్యోగం పోయినవాళ్ళను ఈ ఊళ్ళో రోజూ చూస్తాను,
కుర్చీ కూడా పోయినవాణ్ణి
అదే చూడ్డం.

నేనూ పెట్టుకుని చూశాను.
అబ్బ, ఎన్ని డయళ్ళు!
చాప మీద ఆవాలు ఆరబోసినట్టు.
చెయ్యి చాస్తే అందుతాయి, ఒక్కటీ చదవలేను.
మూడా, ఎనిమిదా?
తల కదిపితే మూడు, ఊపిరి పీలిస్తే ఎనిమిది.
సుగుణ టీచరు మెలిపెట్టిన చెవి గుర్తొచ్చింది,
'ద' అడుగున చిన్న గీత మరిచి
ధనాన్ని దనం చేసినందుకు.
అంత గీతే ఇక్కడా ఎక్కడో జారిపోయింది.

పాపం, చదువుకునే అద్దాలతో వచ్చాడాయన.
తప్పు అక్కడే.
బొమ్మ మూరెడు దూరంలో ఉన్నట్టుంటుంది గానీ
లోపలి కటకం చూపును పంపేది
రెండు గజాల అవతలికి.
చేతికి దగ్గర, కంటికి దూరం:
పొడుపుకథ.
దూరపు నంబరుకే రెండు బిళ్ళలు సానపట్టి
రింగుల్లో బిగించాను.
కనుపాపల మధ్య అరవై ఎనిమిది మిల్లీమీటర్లు,
రెండుసార్లు కొలిచాను.

ముల్లు నిలబడింది.
అంకె ఇంకా వణుకుతూనే ఉంది.

ఫాదిల్ కంప్యూటరులో చుక్కలు పెంచాడు.
అంకె తేరింది, లోకం కుంటింది.
తల తిప్పితే విమానం ఒక అడుగు ఆలస్యంగా తిరుగుతోంది.
హాజీకి కడుపులో దేవింది.
తగ్గిస్తే మళ్ళీ ఆవాలు.
ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలట.
"మేఘాలు తీసేయనా తాతా?
సముద్రం మీద ఎండ తళుకు కూడా?"
ఎన్ని రాత్రులు కూర్చుని పేర్చాడో వాటిని,
పిల్లాడి గొంతు జీరపోయింది.

హెడ్‌సెట్ లోపలినుంచే నవ్వాడు ముసలాయన.
"తీసేయ్ నాయనా.
ఇరవై ఆరేళ్ళు ఎగిరాను.
నా సీటు పక్కన కిటికీ లేదు."

ఆకాశం బూడిదైంది.
సముద్రం పాత సిమెంటు గచ్చు.
డయళ్ళు మాత్రం ఒక్కొక్కటే
మొహం కడుక్కుని వచ్చి వరసలో కూర్చున్నాయి.
ఆయన వేలు గాల్లోకి లేచింది.
నా గల్లాపెట్టె మీదుగా, ఫ్రేముల స్టాండు ముందు,
లేని గాజును గోటితో తట్టాడు, రెండుసార్లు,
ముల్లు ఇరుక్కుందేమోనని.

"రెండో ఇంజను నూనె. నలభై మూడు."
"ఎనిమిది కాదు కదా?" అన్నాను.
"అంకె తర్వాత చూశానమ్మా.
ముందు ముల్లు వాలు.
అంకె, నమ్మకం కోసం."

అప్పుడే నిజం విమానం ఒకటి
కొట్టు నెత్తిమీదుగా దిగింది.
షోకేసులో ఫ్రేములన్నీ గలగలమన్నాయి.
ఫాదిల్ తలెత్తాడు. నేనూ ఎత్తాను.
ఆయన ఎత్తలేదు.
మూడో ఇంజను చూస్తున్నాడు.

బిల్లులో రెండే గళ్ళు: దూరం, దగ్గర.
ఓనరు కోసం ఏదో ఒకదానికి టిక్కు పెట్టాను.
నా సొంత పుస్తకంలో, తెలుగులో,
'ద' అని రాసి ఆగిపోయాను.
రెండూ దానితోనే మొదలు.
అడుగున గీత మాత్రం పడనివ్వలేదు,
టీచరు వెనక నిలబడి ఉన్నట్టే
జాగ్రత్తగా.